బేస్‌బాల్‌కి మాత్రం చట్టం వర్తించదట! ‘ద బేస్‌బాల్ ట్రస్ట్’ రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, ఇవాళ్టి పుస్తకం ‘ద బేస్‌బాల్ ట్రస్ట్’. రాసింది స్టువర్ట్ బ్యానర్, లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏలో లా ప్రొఫెసర్. 2013లో వచ్చింది. ముందే చెప్పేస్తున్నా, నాకు బేస్‌బాల్ గురించి తెలిసింది బ్యాట్ గుండ్రంగా ఉంటుందన్నంత వరకే. అయినా చదివించింది.

వ్యాపారులు కుమ్మక్కై పోటీ లేకుండా చేసుకోకూడదని అమెరికాలో 1890లోనే షెర్మన్ చట్టం తెచ్చారు. ఆ చట్టం బాక్సింగ్‌కి వర్తిస్తుందని 1955లో, అమెరికన్ ఫుట్‌బాల్‌కి వర్తిస్తుందని 1957లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. బేస్‌బాల్‌కి మాత్రం వర్తించదట. ఎందుకయ్యా అంటే, 1922లో అలా అనేశాం కాబట్టి!

ఆ 1922 కథ బాగుంటుంది. ఫెడరల్ లీగ్ అని ఒక పోటీ లీగ్ రెండేళ్లు నడిచింది. పాత లీగులు దాని ఓనర్లలో చాలామందితో బేరం కుదుర్చుకుని మూయించేశాయి. బాల్టిమోర్ టీమ్ వాళ్లకి ఆ బేరం గిట్టలేదు, కోర్టుకెక్కారు. జ్యూరీ 80 వేల డాలర్ల నష్టం జరిగిందని తేల్చింది. చట్టం ప్రకారం దానికి మూడు రెట్లు, అంటే 2 లక్షల 40 వేలు రావాలి. పై కోర్టు కొట్టేసింది. చివరికి సుప్రీంకోర్టులో జస్టిస్ హోమ్స్ ఏమన్నారంటే, మ్యాచ్ జరిగేది ఏదో ఒక ఊళ్లో, టీములు రాష్ట్రాలు దాటి ప్రయాణం చేసినంత మాత్రాన అది అంతర్రాష్ట్ర వ్యాపారం అయిపోదు, కాబట్టి అలాంటి వ్యాపారానికే వర్తించే షెర్మన్ చట్టం దీనికి పట్టదు అని.

జడ్జీలకి బేస్‌బాల్ పిచ్చి, అందుకే వదిలేశారు అని చాలామంది అంటుంటారు. బ్యానర్ ఒప్పుకోరు. అప్పట్లో అంతర్రాష్ట్ర వ్యాపారం అన్న మాటకి అర్థమే అంత ఇరుకు, ఓనర్ల లాయర్లు దాన్ని తెలివిగా వాడుకున్నారు అంటారు. తర్వాత ఆ అర్థం విశాలమైంది, తీర్పు మాత్రం అక్కడే ఉండిపోయింది. 1953లో మళ్లీ కేసు వస్తే, మార్చాలంటే కాంగ్రెస్ మార్చుకోవాలి అంది కోర్టు. అక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు లెండి, వాళ్ల పార్లమెంటు.

ఇక కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీమ్‌కి 12 సీజన్లు ఆడాడు. 1969లో అతన్ని ఒక్క మాటైనా అడక్కుండా ఫిలడెల్ఫియా టీమ్‌కి మార్చేశారు. రిజర్వ్ క్లాజ్ అంటే అదే. కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు ఆ టీమ్ సొత్తే. నా ఇష్టంతో పని లేకుండా కొనడానికీ అమ్మడానికీ నేను వస్తువును కాను అని బేస్‌బాల్‌ని నడిపే కమిషనర్‌కి లెటర్ రాసి కేసు వేశాడు. ఏడాదికి 90 వేల డాలర్ల జీతం ఉన్నవాడు!

1972లో సుప్రీంకోర్టులో 5-3 ఓట్లతో ఓడిపోయాడు. తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్‌మన్ మొదటి భాగం నిండా పాత ఆటగాళ్ల పేర్లు రాసుకుంటూ పోయారు. ఆయన వైపే ఓటేసిన ఇద్దరు జడ్జీలు, ఆ భాగంలో మాత్రం మేం లేం అన్నారు. ఈ మినహాయింపు అసంబద్ధమని తీర్పే ఒప్పుకుంటుంది, అయినా ఉంచుతుంది. ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను.

నాకు నచ్చనిదీ ఇక్కడే ఉంది. లాయర్ల ఎత్తుగడలు చెప్పేటప్పుడు ఉన్న హుషారు ఫ్లడ్ దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది. ఆటగాడి గొంతు ఇంకొంచెం వినిపించాల్సింది. మధ్యలో కోర్టు వాయిదాల పేజీలు కూడా బరువే.

మనకి కొత్తేం కాదిది. 2007లో ఐసీఎల్ అనే ప్రైవేట్ క్రికెట్ లీగ్‌కి వెళ్లారని అంబటి రాయుడు లాంటివాళ్ల మీద బీసీసీఐ నిషేధం పెట్టింది, 2009లో క్షమించింది. తేడా ఏమిటంటే, మన కాంపిటీషన్ కమిషన్ ఆట కదా అని వదల్లేదు. ఐపీఎల్‌కి పోటీ లీగ్‌ని ఒప్పుకోం అని బోర్డు మీడియా హక్కుల ఒప్పందంలో హామీ ఇచ్చినందుకు 2013లో 52.24 కోట్ల జరిమానా వేసింది. 2015లో ట్రిబ్యునల్ కొట్టేస్తే, 2017లో కమిషన్ మళ్లీ అంతే వేసింది.

అమెరికాలో రిజర్వ్ క్లాజ్ చివరికి 1975లో పడిపోయింది. పడగొట్టింది సుప్రీంకోర్టు కాదు, ఒక మధ్యవర్తి. ఫ్లడ్ పోయిన మరుసటి ఏడాది, 1998లో, అతని పేరుతోనే కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అదీ పై స్థాయి మేజర్ లీగ్ ఆటగాళ్ల వరకే.

లా చదివేవాళ్లయితే కొనుక్కోండి. క్రికెట్ పిచ్చోళ్లు ఫ్లడ్ అధ్యాయం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లినా పర్లేదు. కామెంట్లలో బేస్‌బాల్ రూల్స్ మాత్రం నన్ను అడక్కండి.