ఫెర్రెట్ గిన్నెలో ఏముండాలి?

నమస్తే అండీ. ఫెర్రెట్ అంటే ముంగిసలా పొడవుగా ఉండే చిన్న పెంపుడు జంతువు. దాని పేరెత్తగానే అందరూ ముందు బోను గురించి, స్నానం గురించి అడుగుతారు. నేను మాత్రం గిన్నె దగ్గర మొదలుపెడతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది పూర్తిగా మాంసాహారి. పేగు చాలా పొట్టి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. కాబట్టి రెండు పూటలా పెట్టి గిన్నె తీసేస్తానంటే కుదరదు. కొంచెం తింటుంది, పడుకుంటుంది, లేచి మళ్లీ తింటుంది. అందుకే గిన్నెలో డ్రై ఫుడ్, పక్కన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. నీళ్లకి బరువైన గిన్నె పెట్టండి, తేలికైనదైతే బోర్లించేస్తుంది.

ఇదిగో, ఈ ప్యాకెట్ వెనక్కి తిప్పుతున్నా. కొంచెం దగ్గరగా చూపిస్తాను. ప్రోటీన్ 35 శాతం, ఆపైన ఉండాలి. కొవ్వు 20 దగ్గర. పీచు 3 శాతం దాటకూడదు. ఇప్పుడు కింద పదార్థాల వరస చూడండి. మొదటి పేరు కోడో, టర్కీయో, ఏదో ఒక మాంసం అయ్యుండాలి. మొక్కజొన్న, బఠాణీ ముందు వరసలో కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయండి. పైన ఫెర్రెట్ బొమ్మ ఉందని మోసపోకండి, అలాంటి వాటిలో కూడా ఎండు పండ్ల ముక్కలు కలుపుతారు. సరైనది దొరక్కపోతే మంచి కిటెన్ ఫుడ్ పెట్టొచ్చు. డాగ్ ఫుడ్ వద్దు, అందులో ఉండే మాంసం వాటా దీనికి చాలదు.

చిన్నప్పుడు ఏ రుచి అలవాటైతే దాన్నే తిండి అనుకుంటుంది, పెద్దయ్యాక కొత్తది ముట్టదు. అందుకే ఆరు నెలల్లోపే రెండు మూడు రకాలు రుచి చూపించండి. మార్చాలన్నా పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. ఇంకోటి, తిండి దాచుకోవడం దీని అలవాటు. ఉడికించిన మాంసం పెట్టిన రోజు సోఫా కింద ఓసారి చెయ్యి పెట్టి చూడండి.

కిస్‌మిస్ చూపిస్తే ఎగబడుతుంది. ఇవ్వకండి. వయసొచ్చిన ఫెర్రెట్లలో పాంక్రియాస్ (ఇన్సులిన్ తయారుచేసే క్లోమ గ్రంథి) మీద ఇన్సులినోమా అనే కణితి తరచుగా వస్తుంది, అది ఇన్సులిన్ ఎక్కువగా వదలడంతో రక్తంలో చక్కెర పడిపోతుంది. తీపి పెడితే ఇన్సులిన్ ఇంకా పెరిగి, చక్కెర మరింత పడుతుంది. శూన్యంలోకి చూస్తూ నిలబడిపోవడం, చొంగ కార్చడం, ముందుకాళ్లతో నోరు రుద్దుకోవడం, వెనక కాళ్లు ఈడ్చడం, ఇవీ గుర్తులు. అప్పుడు మాత్రం దూదిపుల్లతో చిగుళ్లకి కాస్త తేనె రాసి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మూర్ఛ వస్తుంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు.

స్నానం సంగతి ఒక్క మాటలో: తరచుగా చేయిస్తే చర్మం ఎండిపోయి, ఇంకా నూనె ఊరి, వాసన పెరుగుతుంది. పరుపు గుడ్డలు ఉతకండి, అది చాలు. వేడి మాత్రం అస్సలు తట్టుకోలేదు, గది 27 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. రబ్బరు వస్తువులు అందనివ్వకండి, ముక్క మింగితే పేగుకి అడ్డం పడుతుంది. డిస్టెంపర్ (కుక్కలకీ వచ్చే వైరస్ జబ్బు) టీకా తప్పనిసరి, ఆ జబ్బు వస్తే బతకడం దాదాపు ఉండదు. మీకు జలుబు చేస్తే మాస్క్ పెట్టుకునే ఎత్తుకోండి. మన ఫ్లూ వీటికి ఎంత తేలిగ్గా అంటుతుందంటే, 1933లో లండన్‌లో శాస్త్రవేత్తలు మనిషి ఫ్లూ వైరస్‌ని పట్టుకున్నది వీటి సాయంతోనే.

ఇక గోళ్లు. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద ఒక చుక్క సాల్మన్ ఆయిల్ వేస్తున్నా. చూశారా, నాకడం మొదలెట్టింది, ఇక కాళ్ల సంగతి పట్టదు. గోరు లోపల గులాబీ గీత కనిపిస్తోందా? అది రక్తనాళం. దానికి కొంచెం ముందు, ఇక్కడ, నెయిల్ కట్టర్‌తో ఒక్క నొక్కు. పొరపాటున రక్తం వస్తే కాస్త కార్న్‌ఫ్లోర్ అద్దండి. నూనె అయిపోయింది, ఇంకో చుక్క వేసి రెండో కాలు పట్టుకుందాం.