ఎపిసోడ్ 61: బ్రిటన్ యూరప్‌లో ఉన్నట్టా, లేనట్టా?

మాధవి: ఎర్ర లైటు వెలిగిందా? సరే. నమస్కారమండీ, నేను మాధవి.

రాజేందర్: నేను రాజేందర్. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో వాన. మనకు మెయిళ్లు రాసే హీటర్ అంకుల్‌కి స్పెషల్ నమస్కారం.

మాధవి: ఆయన పేరెత్తకురా బాబూ. మొన్నటి మెయిలే నాలుగు పేజీలు.

రాజేందర్: ఇవాళ టాపిక్ పెద్దది అక్కా. బ్రిటన్ వాళ్లు తమను తాము యూరప్ వాళ్లమనుకుంటారా, లేదా? మా ఆఫీసులో అందరూ "హాలిడేకి యూరప్ వెళ్తున్నాం" అంటారు. మరి ఇప్పుడు కూర్చున్నది ఎక్కడ అని అడగాలనిపిస్తుంది.

మాధవి: మనం మాత్రం తక్కువా? వచ్చిన ఆర్నెల్లకే "యూరప్ ట్రిప్ వేశాం" అని ఇంటికి ఫోన్ చేస్తాం. అసలు ఇక్కడిదాకా ఎందుకు? హైదరాబాద్‌లో మెనూ కార్డు చూడు. ఇండియన్, చైనీస్, కాంటినెంటల్. ఏ కాంటినెంటు అది? ఇంగ్లిష్ ఛానల్ సముద్రానికి ఇవతల నిలబడి అవతలి ఒడ్డును చూసినవాళ్ల మాట అది. వాళ్లు మన దేశం వదిలిపోయినా మాట మాత్రం మన హోటళ్లలో ఉండిపోయింది.

రాజేందర్: వైట్ సాస్ పాస్తా పక్కన.

మాధవి: ఆ, వైట్ సాస్ పాస్తా పక్కన. సరే, పాస్‌పోర్ట్ తెచ్చాను, చూడు.

రాజేందర్: మళ్లీ పాస్‌పోర్టా! ఆ వేడుక 44వ ఎపిసోడ్‌లోనే అయిపోయింది కదా.

మాధవి: అప్పుడు ఫొటో గురించి ఏడ్చాను. ఇవాళ అట్ట గురించి. ఇది నీలం. 1988 నుంచి ముదురు ఎరుపు అట్టలు ఇచ్చారు. యూరోపియన్ యూనియన్ అనే దేశాల కూటమిలోంచి బయటికొచ్చాక 2020లో మళ్లీ నీలం మొదలుపెట్టి, మా రంగు మాకొచ్చిందని పండగ చేసుకున్నారు. క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లోనే ఉంది, దాని పాస్‌పోర్టూ నీలమే. అంటే రంగు మార్చమని వీళ్లనెవరూ బలవంతపెట్టలేదు. పైగా ఈ కొత్త నీలం పుస్తకం కాంట్రాక్టు ఫ్రెంచ్ కంపెనీకి వెళ్లింది, తయారయ్యేది పోలండ్‌లో.

రాజేందర్: అట్ట మీద ఈ రాత ఏంటక్కా? "ద్యూ ఎ మోం ద్ర్వా"?

మాధవి: "దేవుడు, నా హక్కు" అని రాజుగారి నినాదం. ఫ్రెంచ్. పైన గుండ్రంగా ఉన్న రెండోదీ ఫ్రెంచే. 1066లో నార్మండీ నుంచి వచ్చి కూర్చున్నవాళ్ల భాష. ఇప్పటికీ పార్లమెంటులో బిల్లుకు రాజు ఆమోదం చెప్పేది ఫ్రెంచ్‌లోనే. 1714లో జర్మనీలోని హానోవర్ నుంచి రాజును తెచ్చుకున్నారు. 1917లో జర్మనీతో యుద్ధం జరుగుతుంటే జర్మన్ ఇంటిపేరు బాగుండదని విండ్సర్ అని మార్చుకున్నారు. ఇన్ని చేసి, యూరప్‌తో మాకేంటి అంటారు.

రాజేందర్: క్యాలెండర్ సంగతి కూడా...

మాధవి: వద్దు.

రాజేందర్: ఒక్క నిమిషం.

మాధవి: పదకొండు రోజులు! వినేవాళ్లకు కంఠస్థం వచ్చేసిందిరా.

రాజేందర్: కొత్తవాళ్ల కోసం. 1582లో పోప్ క్యాలెండర్ సరిచేస్తే వీళ్లు మొండికేసి 170 ఏళ్లు ఆగారు. చివరికి 1752లో సెప్టెంబర్ 2 రాత్రి పడుకుని సెప్టెంబర్ 14న లేచారు. మన దృక్ పంచాంగం, పూర్వ పంచాంగం గొడవ లేదూ? ఒకింట్లో పండగ, పక్కింట్లో మర్నాడు. అలాంటిదే. దాని దెబ్బ ఇంకా తగ్గలేదు. ఇక్కడ ట్యాక్స్ సంవత్సరం ఏప్రిల్ 6న ఎందుకు మొదలవుతుందనుకున్నావు?

మాధవి: పదకొండు రోజుల వల్ల.

రాజేందర్: పదకొండు రోజుల వల్ల! ఇక ఈ డబ్బా తీసుకో. బ్రసెల్స్ నుంచి. తిను.

మాధవి: ...బావుంది. చేదుగా ఉంది కానీ బావుంది.

రాజేందర్: ఇది చాక్లెట్. నీ బ్యాగులో ఎప్పుడూ ఉండే ఊదారంగు కాగితం చాక్లెట్ కాదు. తీపి పాలకోవా.

మాధవి: ఏయ్. డైరీ మిల్క్‌ని ఒక్క మాటన్నా ఊరుకోను.

రాజేందర్: కాగితం వెనక చదువు.

మాధవి: కళ్లజోడేదీ... "మిల్క్ సాలిడ్స్ 20 శాతం కనీసం. కోకో సాలిడ్స్ 20 శాతం కనీసం. కోకో బటర్‌తో పాటు వెజిటబుల్ ఫ్యాట్స్ కలవు." అయితే ఏంటి?

రాజేందర్: ఆ చివరి వాక్యం మీద ముప్పై ఏళ్లు కొట్టుకున్నారు! 1973లో బ్రిటన్, ఐర్లండ్, డెన్మార్క్ ఆ యూరప్ కూటమిలో చేరాయి. ఫ్రాన్స్, బెల్జియం వాళ్లు కోకో బటర్ తప్ప ఇంకో కొవ్వు పడితే చాక్లెట్ అననివ్వరు. వీళ్లేమో అయిదు శాతం దాకా వేరే కొవ్వు కలుపుతారు. దీనికి చాక్లెట్ అనే పేరే తీసేసి "వెజిలేట్" అని పెట్టాలని కూడా అన్నారు.

మాధవి: వెజిలేట్! పశువుల దాణా పేరులా ఉంది.

రాజేందర్: వీళ్లకూ అలాగే మండింది. 2000లో రాజీ కుదిరింది. అయిదు శాతం దాకా కలుపుకోండి, కాగితం మీద చెప్పండి అన్నారు. ఇటలీ, స్పెయిన్ అప్పటికీ ఒప్పుకోలేదు. మా దేశంలో దీన్ని "చాక్లెట్‌కు బదులు" అని రాసి అమ్మండి అంటే, 2003లో యూరప్ కోర్టు కుదరదు పొమ్మంది.

మాధవి: అంటే యూరప్ కోర్టే బ్రిటన్ చాక్లెట్‌ను కాపాడింది! ఆ ముక్క ఎవరైనా చెప్పారా ఇక్కడ?

రాజేందర్: కాపాడినా రుచి మారదు కదా అక్కా. చవక కొవ్వు చవక కొవ్వే.

మాధవి: ఆగు. తెనాలిలో ఒకటో తారీఖున మా నాన్న జీతం తీసుకుని సైకిల్ మీద వచ్చేవాడు. జేబులో ఒక్కటంటే ఒక్క డైరీ మిల్క్. ఎండకి మెత్తబడిపోయేది. మేం ముగ్గురం కాగితం విప్పి నాకేవాళ్లం. నీ బెల్జియం చాక్లెట్‌కి ఆ రుచి వస్తుందా?

రాజేందర్: ఆ రుచి నాన్నది. చాక్లెట్‌ది కాదు.

మాధవి: అదే చెప్తున్నా. ఇక్కడివాళ్లకీ అంతే. బర్మింగ్‌హామ్ పక్కన బోర్న్‌విల్‌లో 1905 నుంచి చేస్తున్నారు. చిన్నప్పుడు నోట్లో పడ్డదాన్ని ఎవడో వచ్చి ఇది అది కాదంటే ఒళ్లు మండదూ?

రాజేందర్: 2010లో ఆ కంపెనీని అమెరికావాళ్లకు అమ్మేశారు కదా.

మాధవి: నువ్వు మనిషివేనా?

రాజేందర్: సరే, నీకు నచ్చే మాటొకటి. ఆ రాజీలో కోకో బటర్ కాకుండా ఆరు కొవ్వులకే అనుమతి. పామ్, షియా, ఇల్లిపె, కోకం, గుగ్గిలం చెట్టు గింజ, ఇంకా... మామిడి జీడి.

మాధవి: ఏ జీడి? టెంక లోపలిదా?

రాజేందర్: అదే.

మాధవి: ఆవకాయ ముక్కలు కొట్టేటప్పుడు గీరి పారేస్తామే, ఆ జీడా? దాన్ని చట్టంలో రాశారా? మా అమ్మకు చెప్పాలి. ఏటా బుట్టెడు పెంట మీద పోస్తుంది.

రాజేందర్: యూరప్ పార్లమెంటు, ఆవకాయ జీడి. ఎపిసోడ్ పేరు ఇదే పెడదాం.

మాధవి: హీటర్ అంకుల్ ఒప్పుకోడు. ...ఆవకాయంటే పక్కింటాయన గుర్తొచ్చాడురా.

రాజేందర్: పోలండ్ ఆయనా?

మాధవి: ఊఁ. వాళ్ల దేశం 2004లో యూనియన్‌లో చేరింది. ఈయన 2005లో వచ్చాడు, నాకన్నా నాలుగేళ్ల ముందు. నేను ఆవకాయ ఇస్తే ఆయన ఉప్పునీళ్లలో ఊరేసిన దోసకాయలు ఇచ్చేవాడు. సీసా ఎప్పుడూ ఖాళీగా వెనక్కి రాలేదు, అటూ ఇటూ. 2016లో బ్రిటన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ఓటింగ్ వచ్చింది. నాకు ఓటుంది. అప్పుడు నాది ఇండియన్ పాస్‌పోర్టే, అయినా కామన్‌వెల్త్ దేశం కాబట్టి ఉంది. ఆయనకు లేదు.

రాజేందర్: పదకొండేళ్లుగా ట్యాక్స్ కట్టినా?

మాధవి: కట్టినా. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకు తప్ప యూరప్ వాళ్లెవరికీ లేదు. వాళ్లు ఉండాలా వద్దా అన్నదానికి మనం ఓటేశాం. జూన్ 24 పొద్దున ఫలితం వచ్చింది, బయటికి రావాలని 52 శాతం, ఉండాలని 48. నేను బిన్ బయట పెడుతున్నాను. ఆయన కూడా బిన్ తోసుకుంటూ వచ్చాడు. రోజూ వాతావరణం గురించి ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు "నీకు ఓటుందట కదా" అన్నాడు. అంతే. నేను ఉందన్నాను. తలూపి లోపలికి వెళ్లిపోయాడు.

రాజేందర్: తర్వాత?

మాధవి: 2019లో ఇల్లు ఖాళీ చేసి వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. నా సీసా ఒకటి ఆయన దగ్గరే ఉండిపోయింది.

రాజేందర్: అప్పట్లో మన వైపు వాళ్లు, యూరప్ వాళ్లు ఆగితే మనకు వీసాలు పెరుగుతాయి అనుకున్నారట కదా.

మాధవి: పెరిగాయి కదరా. నువ్వు వచ్చింది 2021లో. చదువయ్యాక రెండేళ్లు ఉండే వీసా ఆ ఏడే తెరిచారు.

రాజేందర్: ...ఔను.

మాధవి: తప్పు పట్టడం లేదు నిన్ను.

రాజేందర్: తెలుసు. అక్కా, ఒకటి అడుగుతా. అరవై ఎపిసోడ్లుగా అడుగుతున్నా. నువ్వు ఎటు వేశావు?

మాధవి: నీ పదకొండు రోజుల కథ ఇంకోసారి చెప్పు.

రాజేందర్: వద్దు. నువ్వు చెప్పు.

మాధవి: డబ్బా ఇటివ్వు ముందు. ...తలుపు కొడుతున్నారు చూడు.

రాజేందర్: జుంబా డాన్సు క్లాసు వాళ్లు. ఇంకా అయిదు నిమిషాలుంది మనకు, ఈ గది బుక్ చేశాం కదా.

మాధవి: లోపలికి వచ్చేశారురా. మైకు తియ్. వైరు, వైరు చూసుకో, కాళ్ల కింద...