రెండో సైకిలా, ఇంకో జత వీల్సా?

ఉన్నది ఒక్క గ్రావెల్ సైకిల్, అంటే రోడ్డుకూ మట్టి బాటకూ రెండింటికీ పనికొచ్చేది. పొద్దుగాల కాజీపేట దాటి హైదరాబాద్ హైవే మీద జోరుగ పోవాలె. ఆదివారం ధర్మసాగర్ దిక్కో, పాకాల దిక్కో మట్టి బాటలల్ల తిరగాలె. దీనికి ఇంకో సైకిల్ కొనాల్నా, ఉన్నదానికే ఇంకో జత వీల్స్ చాలా?

డిస్క్ బ్రేకుల సైకిల్ అయి, నడిపేది ఒక్కరే అయితే వీల్సే కొనుండ్రి. కానీ మార్చుడు ఐదు నిమిషాల్ల అయిపోవాలె. అరగంట పట్టిందంటే రెండో వారం నుంచి ఎవ్వరూ మార్చరు, ఆ జత అటక మీదికి పోతది.

ముందుగాల ఖర్చు. వీల్సెట్ ధర ఒక్కటే చూసి మురవకుండ్రి. రెండు రోటర్లు (డిస్క్ బ్రేకు పట్టే పళ్ళాలు), ఒక క్యాసెట్ (వెనక వీల్ మీది గేర్ పళ్ళ గుత్తి), రెండు టైర్లు, ట్యూబులు లేకుంటే సీలెంట్ (టైర్ల పోస్తే చిల్లులు మూసే ద్రవం), అన్నీ దానిమీద ఎక్కుతయి. ఉన్న క్యాసెట్‌నే ఇటు నుంచి అటు మార్చుకుంట అంటరు కొందరు. దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్ల బిగింపు. చైన్ విప్, లాక్‌రింగ్ టూల్ పట్టుకొని ప్రతి శనివారం గా పని ఎవరు చేస్తరు?

ఇగ అసలు తిప్పలు బ్రేకుల కాడ. రెండు జతల హబ్బులు (వీల్ నడిమి భాగాలు) ఒక్కటే కంపెనీవి కాకపోతే రోటర్ కూసునే చోటు కొద్దిగ అటు ఇటు అయితది. ఒక జతకు సప్పుడు ఉండదు, ఇంకో జత పెట్టంగనే "కిర్ర్ కిర్ర్" అని రాస్తది. క్యాలిపర్ (ప్యాడ్లతోని రోటర్‌ను పట్టేది) బోల్టులు వదులు చేసి, లివర్ నొక్కి పట్టి మళ్ళ బిగిస్తే ఆ వీల్‌కు సరిపోతది, పాత వీల్‌కు మళ్ళ మొదటికొస్తది. అందుకే ఇట్ల చేయుండ్రి. ఏ వీల్‌ల రోటర్ ఫోర్క్ దిక్కు ఎక్కువ జరిగి ఉందో చూసి, క్యాలిపర్‌ను దానికే సరిచేయుండ్రి. రెండో వీల్‌ల రోటర్‌కు, హబ్‌కు మధ్యల 0.1 లేకుంటే 0.2 మిల్లీమీటర్ల షిమ్ (పలుచని రింగు) పెడితే అది కూడా బయటికి జరిగి సరిగ్గ అక్కడికే వస్తది. ఒక్కసారి ఓపిక చేస్తే ఇగ మళ్ళ క్యాలిపర్ ముట్టే పనే ఉండదు.

రోటర్ మందం కూడా చూసుకోవాలె. షిమానో రోటర్ కొత్తగ ఉన్నప్పుడు 1.8 మిల్లీమీటర్లు, 1.5కు వస్తే తీసి పారేయాలె. అరిగి 1.6 అయినది ఒక జతకు, కొత్తది ఇంకో జతకు ఉంటే బ్రేకు పట్టే తీరు రెండింటికీ తేడా కొడతది. సైజు కూడా ఒక్కటే ఉండాలె. 160 మిల్లీమీటర్లు ఉంటే 160యే. కొత్త రోటర్లను ఖాళీ రోడ్డు మీద ప్యాడ్లకు అలవాటు చేయుండ్రి. కొంచెం జోరు మీద నుంచి నడక జోరు దాకా తగ్గించుకుంట, పూర్తిగ ఆగకుండ, ఒక ఇరవైసార్లు.

గేర్ల కాడికొస్తే, క్యాసెట్ పళ్ళ లెక్క రెండు జతలకూ ఒక్కటే పెట్టుకుంటే తలనొప్పి లేదు. వేరే పెడితే చైన్ పొడవు పెద్ద పళ్లకు సరిపోయేటట్టు ఉండాలె. ఇంకో మాట: పాత జత క్యాసెట్ అరిగి, చైన్ సాగి ఉంటే, కొత్త క్యాసెట్ మీద గట్టిగ తొక్కంగనే అది జారుతది. క్యాసెట్ తప్పనుకొని వాపస్ పంపకుండ్రి, తప్పు చైన్‌ది. 11 స్పీడ్, 12 స్పీడ్ చైన్లను, చైన్ సాగుడు కొలిచే గేజ్‌ల 0.5 చూపించంగనే మార్చాలె.

700 బై 40 టైర్ (40 మిల్లీమీటర్ల వెడల్పుది) తీసి 28 పెడితే సైకిల్ 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతది. వంపుల పెడల్ రోడ్డుకు తగిలే ఛాన్స్ అప్పుడే ఎక్కువ. వీల్ సెన్సార్ మీటర్ల టైర్ చుట్టుకొలత లెక్క మార్చకుంటే వంద కిలోమీటర్లకు నూటమూడున్నర చూపిస్తది, ఉత్త ఉబ్బరమే. గ్రావెల్ జతకు 650బి (కొంచెం చిన్న వీల్) 47 టైర్ పెడితే ఎత్తు 700 బై 28తోని దాదాపు సమానంగ ఉంటది. కానీ ముందుగాల ఫ్రేమ్‌ల అంత జాగ ఉందా కొలువుండ్రి. పక్కకు కనీసం 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలె. వానకాలం మన నల్లరేగడి బురదకు అదీ చాలదు, ఫోర్క్‌ల పట్టేసి వీల్ తిరగనే తిరగదు. అసొంటప్పుడు ఎర్ర చెలక బాటలు పట్టుడే.

పత్తి చేన్ల గట్ల మీద పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉంటయి కాబట్టి మట్టి జత ట్యూబ్‌లెస్ ఉంటే మంచిది. కానీ మన ఎండాకాలంల సీలెంట్ తొందరగ ఎండుతది. ఎక్కించకుండ మూలకు పెట్టిన జత అయితే లోపల ఒక్క దిక్కే పేరుకపోతది. వారానికోసారి చేతితోని తిప్పుండ్రి, రెండు నెలలకోసారి విప్పి చూసుండ్రి.

మరి రెండో సైకిల్ ఎప్పుడు? ఆఫీసుకు క్యారియర్, మడ్‌గార్డులు, స్టాండు కావాల్నంటే వీల్స్ మారిస్తే కుదరదు. ఇంట్ల ఇంకొకరు నడుపుతరంటే సైకిలే. ఫ్రేమ్ రిపేర్‌కు పోయినప్పుడు కూడా తొక్కాల్సిందే అన్నా అంతే. రిమ్ బ్రేక్ (వీల్ అంచును పట్టే బ్రేకు) సైకిల్‌కు ఒక జత అల్యూమినియం, ఒక జత కార్బన్ అంటే ప్రతిసారి బ్రేక్ ప్యాడ్లు కూడా మార్చాలె, గా పని మాత్రం పెట్టుకోకుండ్రి. ఇసొంటి వాటికి వాడిన పాత సైకిల్ ఒకటి చూసుకుంటే సరిపోతది.

వీల్సే అని ఖాయం చేసుకుంటే, ఆర్డర్ పెట్టేముందు హబ్ మీద పేరు ఫొటో తీసుకోండ్రి. యాక్సిల్ ముందు 12 బై 100, వెనక 12 బై 142 ఉందా, రోటర్ నడుమ ఒక్క రింగుతోని బిగించే సెంటర్ లాకా, ఆరు బోల్టులదా, ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) ఏ రకం, రాసుకోండ్రి. వీల్ తీసినప్పుడు హైడ్రాలిక్ లివర్ మాత్రం నొక్కకుండ్రి, పిస్టన్లు బయటికొస్తయి. ప్యాడ్ల మధ్యల మందం అట్టముక్క ఒకటి పెట్టి ఉంచుండ్రి.