ఇండియన్ ఒపీనియన్ పత్రికలో కష్టం

శ్రోతలకు నమస్కారం.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో 1903 జూన్‌లో ‘ఇండియన్ ఒపీనియన్’ అనే వారపత్రిక మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషల్లో వెలువడిన ఆ పత్రికను కొనే స్తోమత లేనివారు నలుగురూ చందా వేసుకుని తెప్పించుకునేవారనీ, ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు చుట్టూ చేరి వినేవారనీ గాంధీ తరువాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. అలా విన్నవారి చెవికి ‘కష్టం’ అన్న మాట కాలక్రమంలో రెండు వేర్వేరు అర్థాలలో చేరింది. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

తొలి సంవత్సరాలలో ఆ పత్రికకు కష్టమంటే ఫిర్యాదు. అయిదేళ్ల ఒప్పందం మీద, డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు వెళ్లిన కూలీల ఆత్మహత్యల గురించి 1904లో రాసినప్పుడు, అది అధికారుల నివేదికలోని అంకెలనే ఆధారంగా చూపి విచారణ జరపమని అడిగింది. ఒప్పందం ముగిశాక మళ్లీ ఒప్పందపు కూలీగా చేరక, స్వదేశానికి తిరిగి వెళ్లక అక్కడే స్థిరపడదలచిన వారి మీద 1895 నాటి చట్టం ఏటా 3 పౌన్ల పన్ను వేసింది. ఆ పన్నును కూడా పత్రిక అర్జీల భాషలోనే ఖండించింది. ఇటువంటి రాతలలో బాధితుడు సాక్ష్యంగా కనిపిస్తాడే తప్ప, నోరు విప్పి మాట్లాడే మనిషిగా కనిపించడు. చదివేవారిలో జాలి పుట్టించి, దొరల మనసు కరిగించడమే అక్కడి ప్రయత్నం.

1906లో నాటాల్ పొరుగున ఉన్న ట్రాన్స్‌వాల్‌లో ఆసియా వాసులు వేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేసుకోవాలనే చట్టం మీద నిరసన మొదలైన తరువాత ఈ ధోరణి మారిపోయింది. ఆ నిరసనకు తగిన భారతీయమైన పేరు సూచించమని పత్రిక పాఠకులకు పోటీ పెట్టింది. మగన్‌లాల్ గాంధీ సూచించిన ‘సదాగ్రహం’ అన్న మాటను గాంధీ ‘సత్యాగ్రహం’గా మార్చారు. 1908 జనవరిలో జొహానెస్‌బర్గ్ న్యాయస్థానంలో ఆయన తనకు అతి కఠినమైన శిక్ష వేయమని కోరారు. విడుదలైన తరువాత జైలు అనుభవాలను తన పత్రికలోనే రాశారు, విషం తాగి మరణించిన గ్రీకు తత్వవేత్త సోక్రటీసు కథను కూడా అదే ఏడాది గుజరాతీలో వరుసగా ప్రచురించారు. ఇక్కడ కష్టం ఎవరో మోపినది కాదు, తానుగా తలకెత్తుకున్నది. మన పురాణాలు విని పెరిగినవారికి తపస్సు అన్న మాట తెలిసినదే కనుక, జైలుకు వెళ్లడం అవమానం కాదని నమ్మించడానికి పత్రిక ఎంతో దూరం వెళ్లవలసిన పని లేకపోయింది. అదే 1908 జూలైలో బొంబాయి హైకోర్టులో ‘కేసరి’ సంపాదకుడు తిలక్, తాను స్వేచ్ఛగా ఉండటం కన్న కష్టపడటం వల్లనే తన ఆశయం వర్ధిల్లాలన్నది దైవసంకల్పమేమో అన్నారు. మార్గాలు వేరైనా మాట ఒక్కటే.

పత్రిక అప్పటి నుండి జైలుకు వెళ్లినవారి పేర్లు అచ్చువేయసాగింది. రాళ్లు కొట్టే శిక్ష అనుభవించి 1909 జూలైలో మరణించిన యువకుడు స్వామి నాగప్పన్ పేరు అలా నిలిచింది. జైలు జ్వరంతో 1914 ఫిబ్రవరిలో కన్నుమూసిన 16 ఏళ్ల వళ్లియమ్మ పేరు కూడా నిలిచింది. జైలుకు వెళ్లినందుకు పశ్చాత్తాపపడుతున్నావా అని అడిగితే, మళ్లీ వెళ్లడానికి సిద్ధమేనని ఆమె చెప్పిన మాటను గాంధీ భద్రపరిచారు.

నా సందేహం ఇక్కడే. తన ఇష్టంతో కష్టపడినవారికి పేరు దక్కింది, ఇష్టాయిష్టాలు అడగకుండానే కష్టాల పాలైనవారు అంకెలుగా మిగిలారు. ఒప్పందపు కూలీకి పని మానేయడమే నేరం; రోజూ చెమటోడ్చి బ్రతికేవాడికి తపస్సు చేసే తీరిక ఎక్కడిది? మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువారు ఎందరో ఉన్నారు. పత్రిక ఆరంభించిన నాలుగు భాషల్లో వారి భాష లేనే లేదు.

ఈ తేడా 1913లో కొంతవరకు చెరిగింది. న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు, ఆ వెంట చెరకు తోటల కూలీలు, 3 పౌన్ల పన్నుకు నిరసనగా పనులు మానేశారు. జైలుకు వెళ్లేందుకు సిద్ధపడి నవంబరు 6న గాంధీతో ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. అప్పటి దాకా నివేదికలలో అంకెలుగా ఉన్న మనుషులు ఈసారి కష్టాన్ని తమంతట తామే ఎంచుకున్నారు. 1914లో 3 పౌన్ల పన్ను రద్దయింది. ఆ ఏడాది చివర వెలువడిన ఇండియన్ ఒపీనియన్ ప్రత్యేక సంచికలో నాయకుల ఛాయాచిత్రాల కింద పేర్లున్నాయి. నడిచి వెళ్లిన ఆ 2,221 మందిలో చాలామంది మాత్రం మనకు ఇప్పటికీ ఆ లెక్కలోనే తెలుసు.