పాత ఇంజన్, కొత్త కారు, నడుమ పదమూడు తీగలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగాన్ని కొత్తపేట దగ్గర ఒక కొబ్బరి తోట చివర ఉన్న రేకుల షెడ్డులో రికార్డు చేస్తున్నాము. మధ్య మధ్య రేకుల మీద కొబ్బరి మట్ట రాలిన చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి. మా ఎదురుగా 2014 మోడల్ చిన్న కారు ఒకటి బోనెట్ తెరిచి ఉంది. అందులో ఉండవలసిన మూడు సిలిండర్ల ఇంజన్ ఇప్పుడు లేదు, ఆ చోట ఎస్టీమ్ కారుకు వచ్చిన 1298 సీసీ నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ కూర్చుని ఉంది. ఈ పని చేసినవారు చాలా ఏళ్లు ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. ఊళ్లో అందరిలాగే నేనూ వారిని మాస్టారు అనే పిలుస్తాను. మాస్టారూ, ముందుగా అందరూ అడిగే ప్రశ్న. ఈ బండి రోడ్డెక్కుతుందాండి?

మాస్టారు: ఎక్కదమ్మా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. పైగా బీఎస్ 4 కాలపు బండిలో అంతకన్నా పాత కాలుష్య ప్రమాణాల ఇంజన్ పెట్టాము. అందుకని ఇది మా తోటలోనూ, అప్పుడప్పుడూ స్నేహితుల ఖాళీ స్థలంలో మట్టి మీద పందెం సరదాకూ తిరుగుతుంది. ఎక్కడికైనా తీసుకువెళ్లాలంటే లారీ మీదే.

వ్యాఖ్యాత: ఈ పని మొత్తంలో ఏది ఎక్కువ కాలం తీసుకుందండి?

మాస్టారు: ఇంజన్ దించడం, ఎక్కించడం అనేది చెయిన్ బ్లాకు, ఇద్దరు కుర్రాళ్లు ఉంటే ఒక పూట పని. మౌంటింగులు, యాక్సిళ్లు సరిపెట్టడం వెల్డింగు చేయి తిరిగినవాడికి పది రోజులు. వైరింగుకు మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది, అందులో మూడు నెలలు నేను చేసిన తప్పును నేనే వెతుక్కోవడానికి సరిపోయాయి.

వ్యాఖ్యాత: ఆ తప్పు దగ్గరకు వద్దాము. అంతకన్నా ముందు, ఇటువంటి పనిలో రెండు బండ్ల వైరింగులను ఎలా కలుపుతారో చెప్పండి.

మాస్టారు: కలపకూడదమ్మా, అసలు కిటుకు అక్కడే ఉంది. చాలామంది కొత్త కారు వైరింగులో ఉన్న కప్లర్లు కోసి, వాటిని పాత ఇంజన్ సెన్సార్లకు అతికి, కొత్త ఈసీఎంతోనే, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు పెట్టెతోనే నడిపించాలని చూస్తారు. పెట్రోలు ఎంత పోయాలో, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలో ఆ ఈసీఎంకు మూడు సిలిండర్ల లెక్కలో నేర్పించి పంపించారు. ఇంజన్ తిరుగుడు చూసే క్రాంకు సెన్సారు పళ్ల లెక్క వేరు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల పరిమాణం వేరు. కాబట్టి పాత ఇంజన్‌తో పాటు దాని ఈసీఎంనూ, దాని వైరింగునూ తోక తెగకుండా మొత్తంగా తెచ్చుకోవాలి. ఇంటికి అల్లుడిని తెచ్చుకున్నట్టు అనుకోండి, అతని పద్ధతులు అతనివి, మన ఇంటితో అతనికి ఎంత అవసరమో అంతే మాట. మా బండిలో ఆ మాటలు పదమూడు, అంటే పదమూడు తీగలు. ఎర్తులు వీటిలో లెక్క కాదు, వాటి సంగతి వేరే చెబుతాను.

వ్యాఖ్యాత: ఆ పదమూడూ ఏవండి?

మాస్టారు: బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే సరఫరా ఒకటి, తాళం తిప్పితే వచ్చే సరఫరా ఒకటి, సెల్ఫ్ మోటారుకు ఒకటి, పెట్రోలు పంపుకు ఒకటి. ఈ నాలుగూ సరిగా ఉంటే ఇంజన్ స్టార్టవుతుంది. తర్వాత డ్యాష్‌బోర్డుకు వెళ్లేవి ఐదు, అవి ఇంజన్ వేగం, వేడి, ఆయిలు లైటు, చార్జింగు లైటు, చెక్ ఇంజన్ లైటు. మిగిలిన నాలుగింటిలో ఏసీ కావాలని అడిగేది ఒకటి, బండి వేగం చెప్పేది ఒకటి, రివర్సు లైటుది ఒకటి, రేడియేటర్ ఫ్యానుది ఒకటి. ఇవన్నీ ఒకే కప్లరులోకి తెచ్చి, డ్యాష్‌బోర్డు కింద కుడి పక్కన పెట్టాను. ఆ కప్లరు ఊడదీస్తే ఇంజన్ వైరింగు మొత్తం కారుతో సంబంధం లేకుండా విడివడుతుంది. ఎక్కడ తేడా వచ్చినా తప్పు కప్లరుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది ముందు తేలిపోతుంది.

వ్యాఖ్యాత: మీకు వైరింగు తోక తెగకుండానే దొరికిందా?

మాస్టారు: లేదమ్మా. పాత సామాను దుకాణంలో ఇంజన్ త్వరగా దించాలని ఈసీఎం దగ్గర గొడ్డలి వేటు వేసినట్టు కోసేశారు. నలభైకి పైగా తీగలు, సగం ఒకే రంగువి. రంగు చూసి కలిపితే మోసపోతాము కాబట్టి ప్రతి తీగకూ అటు చివర నుంచి ఇటు చివరకు మీటరు పెట్టి, దారం కట్టి, చీటీ అంటించాను. వారం రోజులు రాత్రి భోజనం తర్వాత అదే పని.

వ్యాఖ్యాత: కొత్త కారు సంగతి చెప్పండి. దాని ఈసీఎం తీసేస్తే మిగతా బండి ఊరుకుంటుందా?

మాస్టారు: ఊరుకోదు. పాత బండ్లలో ఒక్కో పనికి ఒక్కో తీగ ఉండేది. ఈ బండిలో ఈసీఎం, డ్యాష్‌బోర్డు, పవర్ స్టీరింగు ఒకే జత తీగల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ అనే పద్ధతి అది. రెండు తీగలు మెలిపెట్టి ఉంటాయి, రెండు చివరలా 120 ఓములు చొప్పున నిరోధాలు ఉంటాయి. బ్యాటరీ తీసేసి, డయాగ్నస్టిక్ సాకెట్టులో 6వ పిన్నుకూ 14వ పిన్నుకూ మధ్య మీటరు పెడితే 60 ఓములు చూపాలి. నేను ఈసీఎం తీసేసి చూస్తే 120 చూపించింది, అంటే ఒక చివరి నిరోధం ఆ పెట్టెలోనే వెళ్లిపోయిందన్నమాట. దాని చోట నేను ఒకటి పెట్టవలసి వచ్చింది.

వ్యాఖ్యాత: పెట్టాక అన్నీ పనిచేశాయా?

మాస్టారు: తీగలు బాగుపడ్డాయి గాని మాట్లాడేవాడు లేడు కదా. ఇంజన్ తిరుగుతున్నదని చెప్పేవారు లేక స్టీరింగు మోటారు సాయం మానేసింది, చక్రం రోలు తిప్పినట్టు బరువైపోయింది. ఆర్‌పీఎం ముల్లు సున్నా మీదే పడుకుంది. అప్పుడు ఒక చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు పెట్టాము. పాత ఈసీఎం ఇచ్చే ఆర్‌పీఎం పల్సులను అది లెక్కపెట్టి, కొత్త ఈసీఎం ఏ సందేశం పంపేదో అదే సందేశాన్ని సెకనుకు పదుల సార్లు పంపుతుంది. ఒక్క క్షణం పంపడం ఆపినా అవతలివాళ్లు ఈసీఎం పోయిందనుకుని లైట్లు వెలిగించేస్తారు.

వ్యాఖ్యాత: ఏ సందేశం పంపాలో మీకు ఎలా తెలిసిందండి?

మాస్టారు: ఎవరైనా ఈ పని తలపెడితే నా దగ్గర నుంచి నేర్చుకోవలసింది ఈ ఒక్క ముక్కే. అసలు ఇంజన్ దించకముందే ల్యాప్‌టాప్ తగిలించి, తాళం తిప్పినప్పుడు, స్టార్టు చేసినప్పుడు, వేగం పెంచినప్పుడు, ఏసీ వేసినప్పుడు ఆ తీగల మీద ఏమేమి వెళుతున్నాయో రికార్డు చేసుకోవాలి. నేను ఉత్సాహం కొద్దీ ముందే దించేశాను. తర్వాత అదే మోడల్ కారున్న బంధువును బతిమాలి, ఒక ఆదివారం అమలాపురం నుంచి తెప్పించుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయనకు పూతరేకులు, కాఫీలు ఇస్తూ రికార్డు చేసుకున్నాను.

వ్యాఖ్యాత: ఆర్‌పీఎం లెక్కలో కూడా ఏదో తమాషా జరిగిందని మా ఇంటికి వచ్చినప్పుడు అన్నారు.

మాస్టారు: అవును. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకు రెండు పల్సులు ఇస్తుంది, మూడు సిలిండర్లదైతే ఒకటిన్నర. 3000 ఆర్‌పీఎం దగ్గర మా ఇంజన్ సెకనుకు 100 పల్సులు ఇస్తుంటే, బోర్డులో మూడు సిలిండర్ల లెక్క ఉండిపోవడం వల్ల ముల్లు 4000 చూపించింది. తోటలో నడిపిన కుర్రాడు వచ్చి, ఇంజన్ శబ్దానికీ ముల్లుకూ పొంతన లేదండి అన్నాడు. అతని చెవి నా లెక్క కన్నా నయం.

వ్యాఖ్యాత: సరైన చిప్పున్న తాళం లేకపోతే ఇంజన్‌ను స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజర్ అడ్డు రాలేదా?

మాస్టారు: మేము తెచ్చిన పాత ఈసీఎంకు అది లేదు, కాబట్టి అడ్డు రాలేదు. దాని అర్థం చిప్పు తాళం ఇక ఇంజన్‌ను కాపాడదని కూడా. పంపు రిలే తీగలో ఒక రహస్య స్విచ్ పెట్టాను. ఎక్కడో మాత్రం చెప్పను.

వ్యాఖ్యాత: అడగను లెండి. ఇప్పుడు ఆ మూడు నెలల తప్పు చెప్పండి.

మాస్టారు: బండి స్టార్టయింది, తోటలో నాలుగు చుట్లు బాగా తిరిగింది. ఒక సాయంత్రం మబ్బు పట్టి, హెడ్‌లైట్లు, వైపర్లు వేశాము. వెంటనే ఇంజన్ ఊగిపోవడం, వెనుక నల్లపొగ, పెట్రోలు వాసన. లైట్లు ఆపితే మామూలే. ఇంజెక్టర్లు తీసి కడిగాను, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఈసీఎంకు చెప్పే ఆక్సిజన్ సెన్సారు మార్చాను, ఈసీఎం అనుమానించాను. చివరికి ఒక రాత్రి మీటరు ఒక కాలు బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కాలు ఇంజన్ దిమ్మె మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.8 ఓల్టులు చూపించింది. అక్కడ 0.2 దాటకూడదు.

వ్యాఖ్యాత: అంటే ఎర్తు సరిగా లేదన్నమాట.

మాస్టారు: ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్తు పట్టీని నేనే, కొత్తగా వేసిన పెయింటు మీద బోల్టుతో బిగించాను. మరలు కరిచిన మేరకు కరెంటు వెళుతోంది. లైట్లు వేసినప్పుడు డైనమో ఇచ్చే కరెంటంతా తిరిగి దిమ్మెకు చేరవలసింది ఆ ఇరుకు దారినే కాబట్టి, బాడీకీ దిమ్మెకూ మధ్య తేడా పెరుగుతుంది. మా ఎగ్జాస్టులో ఉన్నది ఒకే తీగ ఆక్సిజన్ సెన్సారు, దాని ఎర్తు దిమ్మె ద్వారా. ఈసీఎం ఎర్తును నేను బాడీకి ఇచ్చాను. ఆ సెన్సారు చెప్పే మాట మొత్తం 0.1 నుంచి 0.9 ఓల్టుల మధ్య ఉంటుంది. దిమ్మె బాడీ కన్నా కిందికి దిగిపోతే ఆ మేరకు సెన్సారు మాట తక్కువగా వినిపిస్తుంది. పెట్రోలు చాలలేదనుకుని ఈసీఎం ఇంకా పోస్తుంది. పొగ అందుకే. పెయింటు గీకి, తళతళలాడే ఇనుము మీద పట్టీ బిగించి, గ్రీజు రాసి, ఈసీఎం ఎర్తులను కూడా దిమ్మెకే మార్చాను. ఒక గంట పని.

వ్యాఖ్యాత: మన వైపు గాలికి ఈ ఎర్తులు నిలుస్తాయా?

మాస్టారు: అది మనకున్న అసలు బాధ. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి, కాలువ గట్ల తేమ కలిసి, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకును ఒక్క వానాకాలంలోనే పచ్చగా చిలుము పట్టిస్తాయి. పైకి టేపు కొత్తగానే ఉంటుంది, లోపల రాగి పొడై ఉంటుంది. అందుకే నేను టేపు అతుకులు ఒక్కటీ ఉంచలేదు. ప్రతి అతుకూ క్రింపు చేసి, లోపల జిగురున్న స్లీవు వేడితో ముడిపించాను. ఇంకొకటి, తీగల కట్ట క్యాబిన్ లోపలికి దూరే ముందు కొంచెం కిందికి వేలాడి తర్వాత పైకి వెళ్లాలి. ఇంటికి వచ్చే సర్వీసు తీగను కరెంటువాళ్లు అలాగే వంచుతారు చూడండి, నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది.

వ్యాఖ్యాత: కొబ్బరి తోట కదా, ఎలుకల మాటేమిటండి?

మాస్టారు: కొరుగేటెడ్ గొట్టంలో వేశాను, అయినా రెండు చోట్ల కొరికాయి. రోజూ బోనెట్ తెరిచి ఉంచడం తప్ప నాకు పనికొచ్చిన మందు ఏదీ లేదు. వెలుతురు ఉంటే గూడు కట్టవు.

వ్యాఖ్యాత: డ్యాష్‌బోర్డు అరలో ఏదో కాగితం మడిచి ఉంది, ఇది చూడవచ్చా?

మాస్టారు: చూడండి. ఆ పదమూడు తీగల రంగులు, ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, ఎర్తు బోల్టులు ఎక్కడెక్కడ ఉన్నాయి, అన్నీ చేతితో గీశాను. నేను ఊళ్లో లేని రోజున బండి ఆగితే కుర్రాళ్లకు కావాలి కదా. తొమ్మిదో తీగ రంగు మాత్రం దిద్దాలి, మొన్న మార్చాను.

వ్యాఖ్యాత: మూల అంతా తడిసిపోయిందండి.

మాస్టారు: లామినేషన్ చేయించాలనుకుంటూనే ఉన్నాను. ఆ పెన్ను ఇటివ్వండి, ముందు తొమ్మిదోది దిద్దుతాను.