బిళ్ళగన్నేరు వింకా ఎందుకు కాదు?

అందరికీ నమస్కారం. ఈ పళ్ళెంలో ఉన్నవి మన పెరటి బిళ్ళగన్నేరు పూలే. పుట్టిల్లు మాత్రం మడగాస్కర్ ద్వీపం. పారిస్ నుంచి వచ్చిన విత్తనాలతో లండన్‌లోని చెల్సీ తోటలో ఫిలిప్ మిల్లర్ ఈ మొక్కను పెంచాడు. 1759లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. మొదటి మాట ప్రజాతిది, అంటే దగ్గరి జాతుల గుంపుది; రెండోది జాతిది. ఐదు రేకులు చూస్తే యూరప్‌లో పెరిగే వింకా మొక్కలకు చుట్టమనే అనిపిస్తుంది మరి.

తేడా పైకి కనబడదు. పువ్వు గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టండి. వాడిన పువ్వు వద్దు, గొట్టం నలిగి లోపలి ఆకారం చెడుతుంది. గొంతుకు కాస్త కింద, గొట్టం ఉబ్బినచోట ఐదు కేసరాలుంటాయి. వాటి కాడలు పొట్టి, కొసన పుప్పొడి ఉండే పరాగకోశాలకు కుచ్చు లేదు. వింకాలో కాడ మోకాలిలా వంగి ఉంటుంది, పరాగకోశం కొసన వెంట్రుకల కుచ్చు ఉంటుంది. క్రోమోజోములూ కలవవు: దీనిలో 16, వింకా మైనర్ అనే జాతిలో 46.

అందుకే వేరే ప్రజాతి కావలసి వచ్చింది. 1828లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు రైఖెన్‌బాఖ్ ఆ ప్రజాతిని లోక్నెరా అన్నాడు గానీ వర్ణన ఇవ్వలేదు. వర్ణన లేని పేరు చెల్లదు. ఆ పేరు వర్ణనతో అచ్చయ్యేసరికి 1838 వచ్చింది. అంతకు ముందే, 1837లో, వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ డాన్ కాథరాంథస్ అనే పేరు ప్రచురించేశాడు, ముందు వచ్చింది కనుక అదే చెల్లుతుంది. గ్రీకులో నిర్మలమైన పువ్వని అర్థం. అయినా లోక్నెరా వాడకం చాలాకాలం ఆగలేదు. 1966లో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం స్టెర్న్ రాసిన వ్యాసం కాథరాంథస్సే సరైనదని తేల్చింది. ఈలోగా ప్రయోగశాలల్లో పాత పేరే నడవడంతో ఈ మొక్క నుంచి తీసిన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందుల పేర్లలో వింకా మిగిలిపోయింది.

ప్రజాతి మారినా జాతి పదం మారదు, దాని లింగం మారుతుంది. వింకా స్త్రీలింగం కనుక రోజియా, కాథరాంథస్ పుంలింగం కనుక రోజియస్. కాథరాంథస్ రోజియా అని రాస్తే తప్పు. పేరు వెనక, మొదట పేరు పెట్టిన లిన్నేయస్ సంక్షిప్తం ‘ఎల్.’ కుండలీకరణాల్లో, కొత్త ప్రజాతికి మార్చిన జి. డాన్ బయట రావాలి. కుండలీకరణాలు వదిలేస్తే, మొదట వేరే ప్రజాతిలో ఉండేదన్న సంగతి పోతుంది.

రంగును నమ్మకండి. తెల్ల పూలదీ రోజియస్సే, ఆ మాటకు గులాబీ రంగుదని అర్థమైనా సరే. ఎండిన నమూనాలో రంగు మాసిపోతుంది కనుక కోసిన రోజే లేబుల్ మీద రాయాలి.

ఈ ప్రజాతిలో ఎనిమిది జాతులు. ఏడు మడగాస్కర్‌వి. ఎనిమిదోది, కాథరాంథస్ పుసిల్లస్, భారతదేశంలో, శ్రీలంకలో పెరిగే చిన్న తెల్లపూల కలుపు మొక్క. సన్నని ఆకులు, ఏడాదే ఆయుష్షు. అన్నట్టు, పేరులో గన్నేరు చేర్చిన మనవాళ్ళు కుటుంబాన్ని సరిగ్గానే పట్టుకున్నారు, రెండూ అపోసైనేసీ కుటుంబానివే.

భూతద్దాలు అందుకోండి. ముందు కేసరాలు చూడండి.