గరిటె ఎవరి చేతిలో ఉండాలి?

(విశాఖపట్నంలో ఒక సంఘం కోత పండుగ ఆరాధనలో చేసిన ప్రసంగం)

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్ళకు, యూత్ పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు.

బల్ల నిండా గుమ్మడికాయలు, అరటి గెలలు, కొత్త బియ్యం, గంపలో నాటు కోళ్ళు. ఇన్ని ఎదురుగా పెట్టుకుని ఆకలి గురించి మాట్లాడమన్నారు కమిటీ వాళ్ళు. సరైన రోజే ఎంచుకున్నారు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీకందరికీ తెలుసు. యెరూషలేములో సంఘం ఇంకా కొత్తది. రోజూ పేదలకు భోజనం పెడుతున్నారు. పెడుతున్న చోటే గొడవ వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు వడ్డన అందడం లేదని. అక్కడ అన్నానికి కొరత ఉందని వాక్యం చెప్పలేదు. పెట్టే మనసు లేదనీ చెప్పలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముసలివాళ్ళు, భాష వేరు, తరఫున అడిగే మనిషి లేడు. పంక్తిలో జారిపోయారు. అప్పుడు ఏడుగురిని ఏర్పరచుకున్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! ఎవరికి అందడం లేదో, వాళ్ళ మనుషుల చేతికే గరిటె ఇచ్చారు. ఈ ఉదయం నేను చెప్పాలనుకున్నది ఇదే.

ప్రపంచంలో ఏడాదికి సుమారు 280 కోట్ల టన్నుల తిండిగింజలు పండుతున్నాయి. ఉన్న జనానికి సమంగా పంచితే తలకు రోజుకు కిలోకి కాస్త తక్కువ. పశువుల మేతకు, ఇంధనానికి పోయేదీ అందులోనే ఉంది, నిజమే. అయినా 2024లో 67 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టుకల్లా ఉత్తర డార్ఫూర్‌లోని జంజమ్ శిబిరంలో కరువు వచ్చిందని నిపుణులు తేల్చారు. లారీలు రాకుండా దారులు మూసేశాక ఎక్కడో గోదాముల్లో గింజలున్నా ఏం లాభం? పైగా 2025లో పెద్ద దేశాలు సాయం డబ్బు బాగా తగ్గించేశాయి. ఈ బల్ల మీది కానుకల వేలంలో వచ్చే డబ్బు అక్కడికి పంపితే సముద్రంలో కాకిరెట్ట అని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. పక్క దేశం చాద్‌లో సూడాన్ శరణార్థుల మధ్య లూథరన్ సంఘాల సమాఖ్య, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, పనిచేస్తోంది. అలాంటి చోటికి పంపితే ఆ రూపాయి ఒక పిల్లవాడి కంచందాకా వెళ్తుంది.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో పేరున్న మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డున్న నిరుపేద కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. మంచి చట్టం. కానీ కేంద్రం కోటా 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు. ఈలోగా ఈ ఊరు ఎంత పెరిగిందో మధురవాడ వైపు వెళ్తే కళ్ళకు కనిపిస్తుంది.

2017లో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ళ పాప చనిపోయింది. ఆధార్ లింక్ కాలేదని అంతకుముందే ఆ ఇంటి కార్డు తీసేశారు. అన్నం అన్నం అంటూ పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు అన్నారు. కార్డు పోయిన సంగతి మాత్రం నిజం. వేలిముద్ర పడలేదనో, ఆధార్ లింక్ లేదనో సరుకు ఆపవద్దని ఆ ఏడాదే కేంద్రం రాష్ట్రాలకు రాసింది.

పెదజాలారిపేటలో ఎండుచేపలు అమ్ముకునే ఒక మామ్మగారితో నేను రేషన్ షాపుకు వెళ్ళాను. ఏళ్ళ తరబడి ఉప్పులో, ఐసులో నానిన చేతులు. వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద ఒక వేలు పెట్టింది, చీరకొంగుతో తుడుచుకుని ఇంకోటి పెట్టింది. ఎర్ర లైటే వచ్చింది. వెనక క్యూలో జనం విసుక్కుంటున్నారు. "పోనీలే నాన్నా, రేపొస్తాను" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఇంట్లో కొడుకుకు కూడా పని లేని రోజులవి. ఆ సంచీ ఖాళీగా మడిచి చంకలో పెట్టుకుంది. వేలిముద్రకు బదులు కంటిపాప స్కాన్ (ఐరిస్)తో తీసుకోవచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఇల్లు మన చర్చికి అంత దూరమేమీ కాదు.

ఒడిశా నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళది ఇంకోరకం ఇబ్బంది. వన్ నేషన్ వన్ రేషన్ కార్డు కింద వాళ్ళ ఊరి కార్డుతో ఇక్కడి షాపులో కూడా బియ్యం తీసుకోవచ్చు. చాలామందికి తెలియదు. తెలిసినా తెలుగులో అడగలేక బయట కొనుక్కుంటున్నారు.

ఒంగోలులో అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి కాలంలో 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది చెప్పుకోం. అది ధాత కరువు, 1876-78 నాటి పెద్ద కరువు. ఆయన బకింగ్‌హాం కాలువ కొంత మేర తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇచ్చారు. మాదిగ ప్రచారకులనే పని మీద పెద్దలుగా పెట్టారు, కాబట్టి కూలీలను తిట్టేవాడు, తోసేవాడు లేడు. కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, బియ్యం కోసం ఎవరూ మతం మారకూడదని. మనం కూడా బియ్యం ఇచ్చేటప్పుడు ఎవరినీ ఏ గుడికి వెళ్తావని అడగొద్దు. కరపత్రం చేతిలో పెట్టొద్దు. ఫొటో అసలే వద్దు.

మిజోరంలో సంఘం ఆడవాళ్ళు వంట చేసే ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కకు తీసి సంఘానికి ఇస్తారు. వందేళ్ళకు పైగా సాగుతున్న అలవాటు. మన స్త్రీల సమాజం కూడా పిడికెడు బియ్యం డబ్బాలు మొదలుపెట్టింది. చాలా సంతోషం. అయితే ఆ బియ్యం ఎవరికి వెళ్ళాలో మనం నలుగురం ఏసీ రూములో కూర్చుని రాసుకుంటే మళ్ళీ ఆరో అధ్యాయం గొడవే వస్తుంది. అందుకే సహాయ కమిటీలో సగం మంది జాలారిపేట అక్కలు, కూలి పనికి వెళ్ళేవాళ్ళు ఉండాలని అడుగుతున్నాను. మన సంఘ సభ్యులు కానక్కర్లేదు. బియ్యం ఎవరికి అనే జాబితా మీద వాళ్ళు అభ్యంతరం చెబితే అందులో పేరు మార్చేంత అధికారం కూడా ఉండాలి. పెద్దలు ఈ నెల మీటింగులోనే తీర్మానం చేయాలని నా మనవి.

వేలం డబ్బులో సగం బయటి దేశాల కరువు సాయానికి, సగం ఈ పనికి అని కమిటీ అనుకుంటోంది. మీ మాట కూడా చెప్పండి.

ఆరాధన అయ్యాక, వేలం మొదలవకముందు, గేటు పక్కన యూత్ పిల్లలు బల్ల వేసుకుని కూర్చుంటారు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం కానివ్వండి, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కానివ్వండి, కార్డు లేదనో వేలిముద్ర పడలేదనో ఇబ్బంది పడుతుంటే ముందు వాళ్ళను అడిగి, సరేనంటేనే వివరాలు రాయించండి. వార్డు సచివాలయానికి వాళ్ళతో కలిసి వెళ్ళడానికి వారంలో ఒక పూట ఇవ్వగలిగినవాళ్ళు పేరివ్వండి. ఒడియా మాట్లాడగలిగినవాళ్ళు కనీసం ఇద్దరు కావాలి.